సోషల్ సైకాలజీని మొదటి నుంచి నేర్చుకోవడం ఎలా: తొమ్మిది మెట్ల మార్గదర్శి

డిగ్రీలో సైకాలజీ తీసుకున్నవాళ్లు, బీఈడీ చదివేవాళ్లు, ఊరికే ఆసక్తి కొద్దీ మొదలుపెట్టేవాళ్లు సోషల్ సైకాలజీ దగ్గర సాధారణంగా ఒకేచోట ఆగిపోతారు. నిర్వచనాలు నోటికొస్తాయి, ప్రయోగాల పేర్లు గుర్తుంటాయి. కానీ బస్సులోనో ఆఫీసులోనో అదే విషయం కళ్లెదుట జరుగుతుంటే గుర్తుపట్టలేరు. ఈ సబ్జెక్టును చూడడం ద్వారా నేర్చుకోవాలని నేను గట్టిగా నమ్ముతాను. అందుకే ఇక్కడ భావనలను వరస కట్టి అప్పజెప్పడం లేదు. ఏదైనా సంఘటన జరిగినప్పుడు దాన్ని ఏ క్రమంలో పరిశీలించాలో చెబుతాను, ఆయా చోట్ల ఏ భావన పనికొస్తుందో చూపిస్తాను.

ముందు ఈ శాస్త్రం దేని గురించో తెలియాలి. మన ఆలోచనలు, భావాలు, ప్రవర్తన ఇతరుల వల్ల ఎలా మారతాయో ప్రయోగాలతో, పరిశీలనలతో తేల్చడం దీని పని. ఆ ఇతరులు ఎదురుగా ఉండక్కర్లేదు. 'నలుగురూ ఏమనుకుంటారో' అన్న ఊహ ఒక్కటి చాలు.

ఈ రంగానికి పునాది వేసినవాళ్లలో కర్ట్ లెవిన్ ముఖ్యుడు. యూదుడు కావడంతో హిట్లర్ అధికారంలోకి వచ్చిన 1933లో జర్మనీ వదిలి అమెరికా చేరుకున్నాడు. మనిషి ప్రవర్తన ఆ మనిషి మీదా, ఆ క్షణంలో అతని చుట్టూ ఉన్న పరిస్థితి మీదా కలిపి ఆధారపడుతుందని 1936లో ఒక సూత్రంగా రాశాడు. వినడానికి 'అంతేగా' అనిపిస్తుంది. అయితే ఎవరి మీదైనా కోపం వచ్చినప్పుడు ఈ సూత్రంలో రెండో సగాన్ని మనం పూర్తిగా మర్చిపోతాం. కింద చెప్పే మెట్లన్నీ ఆ రెండో సగాన్ని గుర్తుపెట్టుకోవడానికే.

మొదటి మెట్టు: చూసింది చూసినట్టు రాయండి

ఒక చిన్న నోట్‌బుక్ పెట్టుకోండి, ఫోన్లో అయినా ఫర్వాలేదు. రోజుకు ఒక్క సంఘటన రాయండి. ఒకటే నియమం: మనిషి గుణాన్ని చెప్పే మాటలు రాకూడదు. పొగరు, మొండితనం, మంచితనం, పిరికితనం వంటివన్నీ తీర్పులు. మీరు కళ్లతో చూసినవి కావు.

ఒక ఉదాహరణ. 'కండక్టర్ పొగరుగా మాట్లాడాడు' అని రాయడం తేలిక. దాని బదులు ఇలా రాసి చూడండి: 'ఉదయం తొమ్మిది. బస్సులో నిలబడడానికి చోటు లేదు. ఒకాయన ముప్పై రూపాయల టికెట్టుకు ఐదు వందల నోటు ఇచ్చాడు. కండక్టర్ సంచిలో వెతికి, చిల్లర లేకుండా ఎలా ఎక్కుతారండీ అని గొంతు పెంచాడు. అప్పటికే వెనక నుంచి ఇద్దరు టికెట్టు కోసం పిలుస్తున్నారు. ముందు స్టాప్ దగ్గర పడుతోంది.'

ఇప్పుడు పేజీ మీద పరిస్థితి కనబడుతోంది. ప్రతి సంఘటన కిందా మూడు విషయాలు చేర్చండి: అక్కడ ఇంకెవరున్నారు, వాళ్లేం చేస్తున్నారు, అధికారం ఎవరి చేతిలో ఉంది. ఓ వారం ఇలా రాస్తే తీర్పు మాటలు ఎంత తేలిగ్గా దొర్లుతాయో మీకే తెలిసొస్తుంది.

రెండో మెట్టు: కారణం అంటగట్టే ముందు మూడు ప్రశ్నలు

ఎవరైనా ఏదైనా చేస్తే 'ఎందుకు చేశారు' అని మనసు తనంతట తానే ఒక కారణం వెతికి అంటిస్తుంది. దీన్ని ఆపాదన అంటారు. హెరాల్డ్ కెల్లీ 1967లో దీనికి ఒక పద్ధతి చెప్పాడు. మన కండక్టర్‌కే దాన్ని వర్తింపజేద్దాం.

ఒకటి, ఆ రూట్లో మిగతా కండక్టర్లు కూడా ఇలాగే విసుక్కుంటారా? రెండు, ఈ కండక్టర్ అందరి మీదా విసుక్కుంటాడా, పెద్ద నోటు ఇచ్చినప్పుడేనా? మూడు, ఇది రోజూ ఉండేదేనా, ఈ ఒక్కరోజేనా? మిగతావాళ్లు శాంతంగా ఉండి, ఈయన ఒక్కడే అందరి మీదా రోజూ గొంతు పెంచుతుంటే అది ఆయన స్వభావం అనుకోవచ్చు. అందరు కండక్టర్లూ పెద్ద నోటు చూసినప్పుడల్లా విసుక్కుంటుంటే కారణం చిల్లర సమస్య. ఈ ఒక్కరోజే అయితే ఆ రోజుకు ప్రత్యేకంగా ఏదో జరిగి ఉంటుంది. మూడింటికీ జవాబు తెలియకపోతే తీర్పు చెప్పేంత సమాచారం మీ దగ్గర లేనట్టే.

ఈ ప్రశ్నలు వేసుకోకపోతే ఏమవుతుందో అదే 1967లో ఎడ్వర్డ్ జోన్స్, విక్టర్ హారిస్ చూపించారు. క్యూబా నాయకుడు ఫిడెల్ కాస్ట్రోను సమర్థిస్తూ, వ్యతిరేకిస్తూ రాసిన వ్యాసాలను విద్యార్థుల చేత చదివించారు. 'ఏ పక్షం రాయాలో వ్యాసకర్తకు ముందే ఆదేశించారు, అతనికి వేరే దారి లేదు' అని స్పష్టంగా చెప్పారు. అయినా చదివినవాళ్లు వ్యాసంలో ఉన్నదే రాసినవాడి సొంత అభిప్రాయం అన్నవైపే మొగ్గారు. ఎదుటివాళ్ల విషయంలో పరిస్థితిని తక్కువగా, గుణాన్ని ఎక్కువగా లెక్కవేసే ఈ అలవాటుకు లీ రాస్ 1977లో 'ఫండమెంటల్ ఆట్రిబ్యూషన్ ఎర్రర్' అని పేరు పెట్టాడు. తెలుగులో మౌలిక ఆపాదన దోషం అనవచ్చు.

ఇది మనుషులందరిలో ఒకే మోతాదులో ఉంటుందా? జోన్ మిల్లర్ 1984లో చేసిన అధ్యయనం మనకు దగ్గరిది. ఆమె అమెరికాలో షికాగోవాసులనూ, మన మైసూరులోని హిందువులనూ పోల్చింది. తెలిసినవాళ్లు చేసిన మంచిపనికీ చెడ్డపనికీ కారణం చెప్పమంటే అమెరికన్ పెద్దలు ఎక్కువగా ఆ మనిషి గుణాన్ని చెప్పారు. మైసూరు పెద్దలు అతని బాధ్యతలు, బంధాలు, అప్పటి పరిస్థితులు ఎక్కువగా చెప్పారు. చిన్నపిల్లల్లో ఈ తేడా దాదాపు లేదు, వయసు పెరిగేకొద్దీ వచ్చింది. అంటే కారణాలు వెతికే తీరును మనం పెరిగే సమాజం నేర్పుతోంది. నేర్చుకున్నదే కాబట్టి సాధనతో మార్చుకోవచ్చు కూడా.

మూడో మెట్టు: పక్కన ఎవరున్నారో చూడండి

1898లో నార్మన్ ట్రిప్లెట్ సైకిల్ పందేల లెక్కలు పరిశీలించాడు. ఒంటరిగా గడియారంతో పోటీపడే రైడర్ల కంటే పక్కన ఇంకొకరు తొక్కుతున్నప్పుడు రైడర్ల వేగం ఎక్కువగా ఉంది. తర్వాత పిల్లల చేత చేపల గాలం రీలు తిప్పించి చూశాడు. కొందరు పోటీలో వేగం పుంజుకున్నారు, కొందరు తడబడ్డారు, కొందరిలో మార్పే లేదు.

ఈ చిక్కును 1965లో రాబర్ట్ జాయాన్స్ విడదీశాడు. చూసేవాళ్లుంటే ఒంట్లో ఉద్రేకం పెరుగుతుంది. అప్పుడు మనకు బాగా అలవాటైన పద్ధతే ముందు బయటికి వస్తుంది. పని బాగా వచ్చి ఉంటే ఆ అలవాటు సరైనదే కాబట్టి ఇంకా బాగా చేస్తాం. కొత్త పనైతే తప్పులు పెరుగుతాయి. 1982లో కాలేజీలో పూల్ (బిలియర్డ్స్ లాంటి ఆట) ఆడేవాళ్ల దగ్గరికి పరిశోధకులు వెళ్లి నిలబడి చూసినప్పుడు బాగా ఆడేవాళ్ల గురి 71 శాతం నుంచి 80కి పెరిగింది, సరిగా రానివాళ్లది 36 నుంచి 25కి పడిపోయింది. కాబట్టి కొత్త పాఠం, కొత్త కీర్తన, కారు డ్రైవింగ్ ఏదైనా మొదట్లో ఒంటరిగానో, ఒక్కరి ఎదుటో సాధన చేయండి. చేయి తిరిగాక నలుగురి ముందుకు రండి. పిల్లలకు కొత్త లెక్క నేర్పుతూ చుట్టాల ముందు చేయమనడం వాళ్ల మీద టెన్షన్ పెట్టడమే.

అందరూ కలిసి ఒకే పని చేసేటప్పుడు వేరే సంగతి జరుగుతుంది. ఫ్రాన్స్‌లో వ్యవసాయ ఇంజనీరు మాక్స్ రింగెల్మన్ తాడు లాగించి చూస్తే మనుషులు పెరిగేకొద్దీ ఒక్కొక్కరు పెట్టే బలం తగ్గింది. 1979లో బిబ్ లటానే బృందం చప్పట్లు కొట్టించి, కేకలు వేయించి కూడా ఇదే చూసింది. 'ఎవరి వంతు ఎంతో ఎవరికీ తెలియదు' అనిపించినప్పుడు చెయ్యి నెమ్మదిస్తుంది. నలుగురు విద్యార్థుల ప్రాజెక్టులో ఒక్కరే రాత్రంతా మేలుకోవడానికి కారణం ఇదే. ఎవరు ఏ భాగం చేస్తారో పేరుతో సహా మొదటి రోజే రాసిపెడితే చాలావరకు సర్దుకుంటుంది.

నాలుగో మెట్టు: అందరూ ఏమంటున్నారో, ఎవరికి వారు ఏమనుకుంటున్నారో విడిగా చూడండి

ఈ మెట్టు మీద ఎక్కువసేపు ఆగాలి.

సాలమన్ యాష్ 1950లలో చేసిన ప్రయోగాన్ని ఒకసారి ఊహించుకోండి. గదిలో యువకులు వరసగా కూర్చున్నారు. ఎదురుగా రెండు కార్డులు. ఒకదాని మీద ఒక గీత, రెండోదాని మీద మూడు గీతలు. మొదటి గీతతో సమానమైనది ఏదో పైకి చెప్పాలి, అంతే. చంటిపిల్లలు కూడా చెప్పగలిగినంత స్పష్టంగా ఉంటుంది. నిజంగా పరీక్షకు వచ్చినవాడు ఒక్కడే, అతన్ని దాదాపు వరస చివర కూర్చోబెట్టారు. మిగతావాళ్లంతా ప్రయోగం చేసేవాళ్ల మనుషులు. మొదటి రెండుసార్లు అందరూ సరిగ్గా చెబుతారు. మూడోసారి మొదటివాడు ఏమాత్రం తడుముకోకుండా తప్పు గీత చెబుతాడు. రెండోవాడూ అదే, మూడోవాడూ అదే. ఇతని వంతు వస్తోంది. కళ్లు ఒకటి చెబుతున్నాయి, చెవులు ఇంకొకటి వింటున్నాయి.

మొత్తం 18 సార్లలో 12 సార్లు గుంపు కావాలనే తప్పు చెప్పింది. ఆ 12 సార్లలో వచ్చిన జవాబుల్లో దాదాపు 37 శాతం గుంపు చెప్పిన తప్పుకే వంతపాడాయి. నలుగురిలో ముగ్గురు కనీసం ఒక్కసారైనా లొంగారు. ఒంటరిగా చేసినప్పుడు మాత్రం తప్పులు ఒక్క శాతం లోపే.

పుస్తకాలు తరచూ ఇక్కడితో ఆపేస్తాయి. నేను ఆపను. మిగిలిన 63 శాతం జవాబులు సరైనవే, గుంపు ఒత్తిడి మధ్యలో కూడా. నలుగురిలో ఒకరు ఒక్కసారి కూడా లొంగలేదు. 'మనుషులు గొర్రెల్లాంటివాళ్లు' అన్న తీర్పుకు ఈ ప్రయోగంలో ఆధారం లేదు. యాష్ తర్వాత చేసిన మార్పులు ఇంకా ముఖ్యమైనవి. గుంపులో ఒక్కడు నిజం చెప్పగానే లొంగడం పాతదాంట్లో నాలుగో వంతుకు పడిపోయింది. జవాబు పైకి చెప్పకుండా కాగితం మీద రాయనిస్తే కూడా బాగా తగ్గింది.

గుంపుతో వెళ్లడానికి రెండు కారణాలు ఉంటాయని 1955లో డాయిష్, జెరార్డ్ విడగొట్టారు. ఒకటి, వేరేగా నిలబడితే నవ్వుతారన్న బెరుకు. రెండు, వాళ్లకు నాకంటే బాగా తెలుసేమో అన్న అనుమానం. తెలియని ఊళ్లో ఏ హోటల్లో జనం ఉంటే అందులోకి వెళ్లడం రెండోది, అది తెలివైన పనే. మీ నోట్‌బుక్‌లో ఈ రెంటినీ విడివిడిగా గుర్తించండి.

ఇప్పుడు ఒక క్లాసురూమ్. పాఠం అయ్యాక మాస్టారు 'డౌట్స్ ఏమైనా ఉన్నాయా?' అంటారు. వెనక బెంచీలో ఒకమ్మాయికి సగం అర్థం కాలేదు. చెయ్యి ఎత్తబోయి అటూ ఇటూ చూస్తుంది. ఎవరూ కదలడం లేదు. 'అందరికీ అర్థమైంది, నాకే కాలేదు' అనుకుని చెయ్యి దించుతుంది. పక్క బెంచీ అబ్బాయీ అదే సమయంలో ఈమెను చూసి అదే అనుకున్నాడు. మాస్టారు తర్వాతి పాఠానికి వెళ్లిపోతారు. ఎవరి మనసులో ఏముందో ఎవరికీ తెలియక, మౌనాన్ని అందరూ అంగీకారంగా తీసుకున్నారు. అపార్ట్‌మెంట్ మీటింగులు, ఆఫీసు రివ్యూలు చాలావరకు ఇలాగే నడుస్తాయి.

దీనికి చేయగలిగింది ఉంది. 'డౌట్స్ ఉన్నాయా' అని అడగకుండా, 'మీకు కష్టమనిపించిన ఒక్క విషయం చీటీ మీద రాసివ్వండి, పేరు వద్దు' అనండి. మీటింగులో పెద్ద హోదా ఉన్నవాళ్లు చివరన మాట్లాడాలి. చర్చకు ముందే ఎవరి అభిప్రాయం వాళ్లు రాసుకోవాలి. మీకు వేరే అభిప్రాయం ఉంటే అది నెగ్గకపోయినా సరే, ఒకసారి పైకి చెప్పండి. యాష్ గదిలో ఆ ఒక్క గొంతు చేసిన పని చూశారుగా.

బోర్డులూ నోటీసులూ రాసేవాళ్లకు ఇక్కడే ఇంకో సంగతి. అమెరికాలో అరిజోనాలోని పెట్రిఫైడ్ ఫారెస్ట్ పార్కులో రాయిగా మారిన పురాతన చెట్ల ముక్కలను సందర్శకులు పట్టుకుపోతుంటారు. రాబర్ట్ చాల్డినీ బృందం అక్కడ రకరకాల బోర్డులు పెట్టి, గుర్తుపెట్టిన ముక్కలు ఎన్ని పోయాయో లెక్కించింది. 'చాలామంది తీసుకుపోవడం వల్ల అడవి రూపం మారిపోతోంది' అన్న బోర్డు ఉన్నచోట దాదాపు 8 శాతం ముక్కలు పోయాయి. 'దయచేసి తీసుకోవద్దు' అని మాత్రమే ఉన్నచోట 2 శాతం లోపే. మొదటి బోర్డు ఆవేదనతోనే రాశారు, కానీ 'అందరూ చేస్తున్నదే' అన్న సంగతిని అది చదివినవాళ్ల చెవిన వేసింది. 'మన బ్లాకులో సగం మంది తడి చెత్త వేరు చేయడం లేదు' అని వాట్సాప్ గ్రూపులో పెట్టేవాళ్లు దీన్ని గుర్తుపెట్టుకోవాలి. వేరు చేస్తున్న సగం మంది గురించి రాయండి.

ఐదో మెట్టు: ఆదేశం ఎవరిది, అది ఏ మెట్టు మీద మొదలైంది?

స్టాన్లీ మిల్‌గ్రామ్ 1961లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో మొదలుపెట్టిన ప్రయోగాలు అందరూ వినే ఉంటారు. జ్ఞాపకశక్తి పరీక్ష అని చెప్పి మామూలు జనాన్ని పిలిచి, పక్కగదిలో ఉన్న మనిషి తప్పు చెప్పినప్పుడల్లా కరెంటు షాక్ ఇవ్వమన్నారు. నిజానికి షాక్ లేదు, ఆ మనిషి నటిస్తున్నాడు. మొదట ప్రచురించిన ఫలితాల్లో 40 మందిలో 26 మంది చివరి 450 వోల్టుల దాకా వెళ్లారు.

ఈ ఒక్క అంకె పట్టుకుని ఆగితే లాభం లేదు. పరిస్థితి మారినప్పుడు అంకె ఎలా మారిందో చూడండి. ఆదేశించేవాడు గదిలో లేకుండా ఫోన్లో చెబితే చివరిదాకా వెళ్లినవాళ్లు ఐదింట ఒక వంతుకు పడిపోయారు. పక్కనున్న ఇద్దరు 'మేం చెయ్యం' అని లేచిపోతే 40 మందిలో నలుగురే చివరిదాకా వెళ్లారు. మొదటి షాక్ 15 వోల్టులే. ఒక్కో మెట్టూ 15 వోల్టులే పెరిగింది. నిన్నటిదానికీ ఇవాళ్టిదానికీ తేడా చిన్నదే అయినప్పుడు ఎక్కడ ఆగాలో తేల్చుకోవడం కష్టం.

ఆచరణలో దీని అర్థం: పై అధికారి 'ఈ ఒక్క బిల్లు మీద సంతకం పెట్టు' అన్న రోజే హద్దు గీసుకోవాలి. ఎక్కడ ఆగుతారో ముందే రాసిపెట్టుకోండి. ఎదురుచెప్పాల్సి వస్తే మీలాగే ఆలోచించే ఇంకొకరిని వెంటబెట్టుకోండి.

ఆరో మెట్టు: ఎవరూ కదలనప్పుడు

1964 మార్చిలో న్యూయార్క్‌లో కిటీ జెనోవీస్ అనే యువతి హత్యకు గురైంది. 38 మంది చూస్తూ ఊరుకున్నారని న్యూయార్క్ టైమ్స్ రాసింది. ఆ కథనంలో అతిశయోక్తి ఉందని తర్వాత తేలింది, 2016లో ఆ పత్రికే ఒప్పుకుంది. అయినా ఆ వార్త రేపిన ప్రశ్నతో జాన్ డార్లీ, బిబ్ లటానే 1968లో చేసిన ప్రయోగాలు విలువైనవి. వేర్వేరు గదుల్లో మైక్‌ల ద్వారా మాట్లాడుకుంటున్నవాళ్లలో ఒకరికి మూర్ఛ వచ్చినట్టు వినిపించారు. వింటున్నది తానొక్కడినే అనుకున్నవాళ్లలో 85 శాతం మంది, ఆ గొంతు ఆగిపోయేలోపే సాయానికి లేచారు. ఇంకో నలుగురు కూడా వింటున్నారనుకున్నప్పుడు అది 31 శాతమే. లేవనివాళ్లు రాతిగుండెలవాళ్లు కారు. చేతులు వణుకుతూ, 'అతనికి బాగానే ఉందా?' అని అడిగినవాళ్లు వాళ్లలో ఉన్నారు. బాధ్యత ఇంతమందికి పంచబడేసరికి ఎవరి వంతూ కాకుండా పోయింది.

సాయం చేయడానికి మనసు ఐదు గడపలు దాటాలని వాళ్లు చెప్పారు: గమనించడం, ఇది ఆపదేనని గుర్తించడం, ఇది నా బాధ్యత అనుకోవడం, ఏం చేయాలో తెలిసి ఉండడం, చేసేయడం. రోడ్డు మీద బైకు పడిపోయి జనం గుమిగూడినప్పుడు దీన్ని ఇలా వాడండి. 'యాక్సిడెంట్ అయింది, ఈయనకు దెబ్బ తగిలింది' అని పైకి అనండి. రెండో గడప అందరికీ దాటించినట్టవుతుంది. 'ఎవరైనా ఫోన్ చేయండి' అని మాత్రం అనకండి. ఒకరి వైపు చూపించి, 'నీలం చొక్కా అన్నా, మీరు 108కి కాల్ చేయండి. అక్కా, మీరు బళ్లు ఈ పక్కకు రాకుండా చూడండి' అనండి. పేరు తెలియకపోయినా గుర్తు చెబితే బాధ్యత ఆ మనిషిది అవుతుంది. పోలీసు కేసు భయం చాలామంది కాళ్లను కట్టేస్తుంది కాబట్టి ఇదీ తెలుసుకోండి: సాయం చేసేవాళ్లకు రక్షణ కల్పించే మార్గదర్శకాలను సుప్రీంకోర్టు 2016లో ఆమోదించింది, 2019లో మోటారు వాహనాల చట్టానికి చేసిన సవరణలో ఆ రక్షణను 134ఎ సెక్షన్‌గా చేర్చారు.

ఇంకో మంచిమాట. బ్రిటన్, నెదర్లాండ్స్, దక్షిణాఫ్రికా నగరాల్లో సీసీటీవీకి చిక్కిన వీధి గొడవలను పరిశోధకులు చూస్తే, పది గొడవల్లో తొమ్మిదింట్లో కనీసం ఒక్కరైనా కల్పించుకున్నారు. జనం ఎక్కువున్న కొద్దీ ఎవరో ఒకరు ముందుకొచ్చే అవకాశం పెరిగింది. ఒక్కొక్కరి సంకోచం నిజమే, ఎవరో ఒకరు కదలడమూ నిజమే.

ఏడో మెట్టు: 'మనవాళ్లు' అనే గీత ఎక్కడ పడిందో వెతకండి

హెన్రీ టాజ్‌ఫెల్ బ్రిటన్‌లోని బ్రిస్టల్‌లో 1970 ప్రాంతంలో బడిపిల్లలకు తెర మీద చుక్కలు చూపించి ఎన్నున్నాయో అంచనా వేయమన్నాడు. తర్వాత 'మీరు ఎక్కువ అంచనా వేసే జట్టు, వాళ్లు తక్కువ అంచనా వేసే జట్టు' అన్నాడు. నిజానికి విడగొట్టింది గాలివాటంగా. జట్టులో ఎవరున్నారో కూడా తెలియదు. అయినా డబ్బు పంచమంటే పిల్లలు తమ జట్టువైపు మొగ్గారు. అవతలి జట్టు కంటే పైన ఉండడం కోసం తమ జట్టుకు వచ్చే మొత్తం తగ్గినా సరేననుకున్నారు. ఇంత పలుచటి గీతే ఇంత పనిచేస్తే, తరాల తరబడి గీసిన కులం, మతం, ప్రాంతం గీతలు ఎంత పనిచేస్తాయో ఆలోచించండి.

గీతను ఎలా చెరపాలి? అమెరికాలోని ఓక్లహోమాలో 1954లో ముజఫర్ షెరిఫ్ 22 మంది అబ్బాయిలను రెండు జట్లు చేసి పోటీలు పెట్టాడు. జెండాలు తగలబెట్టుకునేదాకా వెళ్లింది. ఒకేచోట భోజనం పెడితే కలుస్తారనుకుంటే తిండి విసురుకున్నారు. నీళ్ల సరఫరా ఆగిపోయినప్పుడు, ట్రక్కు మొరాయిస్తే పోటీల్లో వాడిన తాడుతోనే అందరూ కలిసి లాగాల్సి వచ్చినప్పుడు నెమ్మదిగా దగ్గరయ్యారు. అంతకుముందు ఏడాది షెరిఫ్ చేసిన ఇలాంటి శిబిరంలో పిల్లలు గొడవపడలేదని, దాన్ని మధ్యలోనే ఆపేశారని కూడా తెలుసుకోవాలి. పోటీ పెట్టగానే శత్రుత్వం పుట్టి తీరుతుందన్న నియమమేమీ లేదు.

మన దేశం నుంచి దీనికి గట్టి ఆధారం ఉంది. మ్యాట్ లో అనే ఆర్థికవేత్త ఉత్తరప్రదేశ్‌లో వేర్వేరు కులాల యువకులతో క్రికెట్ లీగులు నడిపించి 2021లో ఫలితాలు ప్రచురించాడు. ఒకే జట్టులో ఆడినవాళ్ల మధ్య ఇతర కులాలతో స్నేహాలు పెరిగాయి. ఎదురు జట్టుగా మాత్రమే తారసపడినప్పుడు ఆ ఫలితం రాలేదు, కొన్ని విషయాల్లో వెనక్కి వెళ్లింది. మీరు స్కూల్లో ఆటల పోటీలు పెట్టేవాళ్లైతే వీధుల వారీగానో ఊళ్ల వారీగానో జట్లు చేయకండి, కలిపి చేయండి.

ఎనిమిదో మెట్టు: చేసేశాక చెప్పుకునే కారణాలు

లియాన్ ఫెస్టింజర్, కార్ల్‌స్మిత్ 1959లో విద్యార్థుల చేత విసుగొచ్చే పని చేయించి, బయట వేచి ఉన్న మనిషికి 'చాలా సరదాగా ఉంది' అని అబద్ధం చెప్పించారు. కొందరికి ఒక డాలర్, కొందరికి 20 డాలర్లు ఇచ్చారు. తర్వాత అడిగితే, ఒక్క డాలర్ తీసుకున్నవాళ్లే పని బాగుందన్నారు. 20 డాలర్లు తీసుకున్నవాళ్లకు అబద్ధానికి కారణం జేబులో ఉంది. ఒక్క డాలర్ వాళ్లకు లేదు కాబట్టి అభిప్రాయమే మారింది. చేసిన పనికీ మనసులోని అభిప్రాయానికీ పొత్తు కుదరనప్పుడు కలిగే ఈ ఇబ్బందిని కాగ్నిటివ్ డిసొనెన్స్ అంటారు.

ఈ ఆలోచనకు బీజం మన దేశంలో పడిందని చాలామందికి తెలియదు. 1934 జనవరి 15న బిహార్‌లో భూకంపం వచ్చాక జనంలో తిరిగిన పుకార్లను జమునా ప్రసాద్ సేకరించాడు. భూమి కంపించింది కానీ పెద్దగా నష్టం జరగని చోట్ల ఇంకా ఘోరమైన విపత్తు రాబోతోందన్న పుకార్లు జోరుగా తిరిగాయి. భయపడ్డ జనం ఇంకా భయపెట్టే మాటల్ని ఎందుకు నమ్ముతారు? ఒంట్లో భయం ముందే ఉంది, దానికి తగ్గ కారణం కావాలి అని ఫెస్టింజర్ అర్థం చేసుకున్నాడు. ఫోన్‌లో భయపెట్టే ఫార్వర్డ్ వచ్చినప్పుడు 'ఇది నిజమా' అనే ప్రశ్నతో పాటు 'ఇందులో నా పాత భయం ఏది ఉంది' అని కూడా అడిగి చూడండి.

తొమ్మిదో మెట్టు: ప్రయోగాన్ని కూడా పరీక్షించండి

2015లో సైకాలజీ పరిశోధకులు 100 పాత అధ్యయనాలను మళ్లీ చేసి చూశారు. మొదటిసారి 97 శాతంలో కనబడిన ఫలితం, మళ్లీ చేస్తే 36 శాతంలోనే వచ్చింది. సోషల్ సైకాలజీ భాగంలో ఇంకా తక్కువ, నాలుగో వంతు. 1971 నాటి స్టాన్‌ఫర్డ్ జైలు ప్రయోగంలో యువకులను ఖైదీలుగా, కాపలాదారులుగా విడగొట్టి ఉత్తుత్తి జైలు నడిపారు. అందులో కాపలాదారుల పాత్రలు వేసినవాళ్లకు కఠినంగా ఉండమని నిర్వాహకుల నుంచే సూచనలు అందాయని తర్వాత రికార్డుల్లో బయటపడింది. పాత్ర ఇస్తే చాలు మనుషులు క్రూరంగా మారతారనడానికి దాన్ని ఇంకా రుజువుగా చూపే నోట్సులు బజార్లో ఉన్నాయి, జాగ్రత్త. డిసొనెన్స్ ప్రయోగాల్లో ఒక రకాన్ని, అంటే సొంత అభిప్రాయానికి వ్యతిరేకంగా వ్యాసం రాయించేదాన్ని, అనేక దేశాల ల్యాబ్‌లు కలిసి 2024లో తిరిగి చేస్తే, 'నేనే ఎంచుకుని రాశాను' అనుకున్నవాళ్లకూ, రాయమంటే రాసినవాళ్లకూ మధ్య అభిప్రాయం మారడంలో రావాల్సిన తేడా రాలేదు.

అందుకే ఏ ప్రయోగం చదివినా ఇవి అడగండి: ఎంతమంది మీద చేశారు, ఎవరి మీద, ఏ దేశంలో? ఇంకెవరైనా మళ్లీ చేశారా? లొంగినవాళ్ల సంఖ్యతో పాటు లొంగనివాళ్ల సంఖ్య రాశారా? ఎన్‌సీఈఆర్‌టీ పన్నెండో తరగతి సైకాలజీ పాఠ్యపుస్తకం వాళ్ల వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది. వైఖరులు, సామాజిక ప్రభావం గురించిన పాఠాలు మొదలుపెట్టడానికి బాగుంటాయి. అందులో వచ్చే ప్రతి ప్రయోగం పక్కనా ఈ ప్రశ్నలు పెన్సిల్‌తో రాసుకోండి.

ఆఖరున ఒక హద్దు. మీ పరిశీలన చూడడంతో ఆగాలి. స్నేహితులను మోసపుచ్చి ప్రయోగాలు చేయడం, ఉత్తుత్తి ప్రమాదం నటించి వీడియో తీయడం వద్దు. మిల్‌గ్రామ్ ప్రయోగంలో పాల్గొన్నవాళ్లు పడ్డ మానసిక వేదన మీద వచ్చిన విమర్శలు పరిశోధనా నియమాలు కఠినం కావడానికి దారితీశాయి. ఇప్పుడు విశ్వవిద్యాలయాల్లో ఇలాంటివి నైతికత కమిటీ అనుమతి, పాల్గొనేవాళ్ల సమ్మతి లేకుండా చేయడానికి వీల్లేదు. నోట్‌బుక్‌లో కూడా పేర్లు రాయకండి. 'ఒక కండక్టర్', 'వెనక బెంచీ అమ్మాయి' అంటే సరిపోతుంది.